ట్రాప్ కేసులో ‘ఇరికించారు’ అనడం మేలా, ‘అడగలేదు’ అనడం మేలా?

లంచం కేసులో ఏసీబీ పన్నిన వలకు, అంటే ట్రాప్‌కు, చిక్కుకున్న ఉద్యోగుల ఇంటివాళ్లు విశాఖ కోర్టు వరండాలో నన్ను పదేపదే అడిగేది ఒకటే: “మావాణ్ణి కావాలనే ఇరికించారండీ. ఆ మాట జడ్జిగారికి చెబితే కేసు పోదా?”

అమెరికాలో అయితే పోవచ్చు. నేరం చేసే ఉద్దేశమే లేని మనిషిని పోలీసులే ఉసిగొల్పి చేయిస్తే శిక్షించకూడదని 1932లోనే సారెల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆ మనిషికి ముందునుంచే ఆ బుద్ధి ఉందా అని చూస్తారు. దాంతో అతని పాత జీవితమంతా బోనెక్కుతుంది. బ్రిటన్‌లో 2001 నాటి లూస్లీ తీర్పు ప్రధానంగా పోలీసుల తీరునే చూస్తుంది. వాళ్లు హద్దు దాటితే విచారణే ఆపేస్తారు. నా మనసుకు ఇదే న్యాయం. కెనడాదీ దాదాపు ఇదే దారి.

మన చట్టంలో ‘ఇరికించారు’ (ఎంట్రాప్‌మెంట్) అన్న పేరుతో నిందితుడికి డిఫెన్స్ లేదు. మనిషిని తట్టుకోలేనంతగా ప్రలోభపెట్టి తప్పు చేయించడాన్ని 1956లో రామ్ జనమ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుబట్టింది. అయినా ‘ఇరికించారు’ అన్న ఒక్క మాట మీద కేసు కొట్టేయరు. పైగా ఆ మాటలో ‘డబ్బు తీసుకున్నాను’ అన్న ఒప్పుకోలు దాగి ఉంటుంది.

అందుకే నేను ‘అడగలేదు’ వైపే మొగ్గుతాను. ట్రాప్‌లో ఏసీబీ వాళ్లు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపిన నోట్లు పట్టుకుంటే సోడియం కార్బొనేట్ నీళ్లలో చేతులు గులాబీ రంగుకు తిరుగుతాయి. కానీ రంగు చెప్పేది నోట్లు ముట్టుకున్నారని మాత్రమే. లంచం అడగడం, తీసుకోవడం రుజువు కావాల్సిందేనని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో అయిదుగురు జడ్జీల బెంచ్ తేల్చింది. అదే తీర్పులో ఇంకో సంగతీ ఉంది: ఫిర్యాది చనిపోయినా, కోర్టులో మాట మార్చి హోస్టైల్ అయినా మిగతా సాక్ష్యాలతో ఆ రుజువు చేయొచ్చు. అయితే ఇచ్చేవాడే తనంతట ఇవ్వజూపినప్పుడు, అడక్కపోయినా, అది లంచమని తెలిసి పుచ్చుకుంటే అదీ నేరమే. కాబట్టి ‘అడగలేదు, ఇస్తే కాదనలేకపోయాను’ అంటే కొంప మునుగుతుంది. ఫిర్యాది నోట్లు జేబులో కుక్కాడా, సొరుగులో పడేసి పోయాడా, పాత బాకీ తీర్చాడా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

బయటివాళ్లు రహస్య కెమెరా పెట్టి లంచం ఇచ్చి పట్టించే స్టింగ్ వేరే సంగతి. స్టింగ్ చేశామన్నంత మాత్రాన ఆ స్టింగ్ చేసినవాళ్ల మీద కేసు కొట్టేయలేమని 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ఆ ఇంటివాళ్లను నేను ముందు అడిగేవి రెండే. డబ్బు మాట మొదట ఎవరి నోట వచ్చింది? ట్రాప్ రోజుకు ఆ ఫైలు మీవాడి టేబుల్ మీదే ఉందా, అప్పటికే పని పూర్తయి వెళ్లిపోయిందా?