ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఆదివారం రాజ్యాంగ తరగతులు: ఎనిమిది వారాల అనుభవం

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా, ఒక మేడ మీది గదిలో, విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకులొకరు ఆదివారాలు నడుపుతున్న రాజ్యాంగ తరగతులకు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా చెల్లెలితో కలిసి ఎనిమిది వారాలు వెళ్లాను. మనిషికి 1,200 రూపాయలు తీసుకున్నారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవారి కోసమని చెప్పి చేర్చుకున్నా, అక్కడ జరిగేది బిట్ల సాధన కాదు. పాలకుడి చేతిలోని అధికారానికి హద్దు ఎవరు గీస్తారు, ఆ హద్దు దాటారని కళాశాల పిల్లలు రోడ్డెక్కితే జనం ఎవరి పక్షాన ఉంటారు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే అన్ని వారాలూ తిరిగాయి.

మొదటి మూడు వారాలూ అధికరణల పాఠాలు. అవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి ఎక్కువ చెప్పను. అయితే ఆర్డినెన్సుల (సభ సమావేశంలో లేనప్పుడు ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టాల) పాఠంలో వధ్వా కేసును మాస్టారు చెప్పిన తీరు మాత్రం గుర్తుండిపోయింది. 1967 నుంచి 1981 వరకు బీహారు ప్రభుత్వం 256 ఆర్డినెన్సులు జారీ చేసి, శాసనసభ చేత చట్టాలుగా చేయించకుండా మళ్లీ మళ్లీ జారీ చేస్తూ కొన్నింటిని 14 ఏళ్ల దాకా బతికించిందని పుణేలోని అర్థశాస్త్ర ఆచార్యుడు వధ్వా లెక్కగట్టి బయటపెట్టాడు. 1986లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగాన్ని వంచించడమేనని తేల్చింది. ఓపికగా గెజిట్లు తిరగేసిన ఒక్క మనిషి వల్ల ఇది బయటపడిందని చెబుతున్నప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు.

ఈ తరగతులకు అసలు విలువ తెచ్చింది నాలుగో ఆదివారం. ఆ రోజు మాస్టారు మాకు తలా ఒక చీటీ ఇచ్చి, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం ఆవరణలోని సైనిక శిక్షణ భవనం తగలబడిందని, రెండు రోజుల తర్వాత సైనికులు కాల్పులు జరిపితే నలుగురు విద్యార్థులు చనిపోయారని మాత్రమే చెప్పి, తప్పు ఎవరిదో రాయమన్నారు. చీటీలు తీసుకుని విప్పకుండా పక్కన పెట్టి, మిగతా కథ చెప్పారు. వియత్నాం యుద్ధంలో భాగంగా పొరుగునున్న కంబోడియాలోకి సేనలను పంపుతున్నట్లు 1970 ఏప్రిల్ 30న అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించాడు. అందుకు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు అనుమతి తీసుకోలేదు. దాని మీద దేశమంతటా కళాశాలల్లో నిరసనలు లేచాయి. మే 4న ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు సైనికులు 13 సెకన్లలో 67 దాకా తూటాలు పేల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో ఇద్దరు నిరసనలో లేనేలేరు. అధ్యక్షుడే నియమించిన విచారణ సంఘం ఆ కాల్పులు అనవసరమని, అసమర్థనీయమని అదే ఏడాది తేల్చింది. కానీ కాల్పులు జరిగిన మే నెలలోనే గాలప్ సంస్థ జరిపిన సర్వేలో నూటికి 58 మంది తప్పు విద్యార్థులదే అన్నారు. సైనికులదన్నవారు 11 మందే.

అప్పుడు మా చీటీలు విప్పారు. 23 చీటీల్లో 14 విద్యార్థులనే తప్పుపట్టాయి. వాటిలో నాది ఒకటి. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. ఎందుకంటే, గత ఏడాది మా చెల్లెలి కళాశాలలో బస్సు పాసుల ఆలస్యం గురించి వినతిపత్రం ఇవ్వడానికి గేటు దగ్గర నిలబడిన పిల్లల పేర్లు రాసుకుని ఇళ్లకు ఫోన్లు చేశారు. మా ఇంటికీ ఫోను వచ్చింది. మా చెల్లెలు ఏం అడగడానికి నిలబడిందో కూడా కనుక్కోకుండా, "నీకెందుకే ఆ గొడవ?" అని నేనే గట్టిగా అన్నాను.

పాఠం అక్కడ ఆగలేదు. విద్యార్థులను తప్పుపట్టిన ఆ దేశంలోనే, 1973 నవంబరులో, నిక్సన్ వీటోను కాదని కాంగ్రెసు యుద్ధాధికారాల చట్టం చేసింది. సేనలను దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెసుకు తెలియజేయాలి, అనుమతి రాకపోతే 60 రోజుల తర్వాత వాటిని కొనసాగించకూడదు. నిరసనకారుల మీద జనానికున్న అభిప్రాయం వేరు, పాలకుడికి హద్దు ఉండాలా అన్నదాని మీద ఉన్న అభిప్రాయం వేరు అని మాస్టారు అక్కడ విడదీసి చూపించారు. మన ఉదాహరణ కూడా ఇచ్చారు. అహ్మదాబాదులో హాస్టలు మెస్ బిల్లు పెరిగిందని 1973 డిసెంబరులో మొదలైన అలజడి మరుసటి ఫిబ్రవరికి గుజరాత్ ముఖ్యమంత్రి రాజీనామా దాకా వెళ్లింది. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తర భారతం దాన్ని తిరస్కరిస్తే, మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఎమర్జెన్సీ పెట్టిన కాంగ్రెసు పార్టీకే ఇచ్చింది. అయినా "అంతర్గత కల్లోలం" అన్న సాకు చూపి ఎమర్జెన్సీ పెట్టే వీలును 1978 నాటి 44వ సవరణ తీసేసింది. మన ఓటుకూ ఈ రక్షణకూ నేరుగా సంబంధం లేకపోయినా, ఆ రక్షణ మనకూ దక్కింది.

ఇక లోపాలు. ఇచ్చిన నోట్సు ఎక్కువ భాగం ఆంగ్లంలో ఉంది, జిరాక్సు కొన్నిచోట్ల అలికినట్లుంది. గాజా యుద్ధానికి నిరసనగా 2024లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు వేసిన శిబిరాన్నీ అరెస్టులనూ, హార్వర్డు విశ్వవిద్యాలయానికి అక్కడి ప్రభుత్వం ఆపిన నిధుల విషయంలో 2025 సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పునూ చివరి అరగంటలో ముగించేశారు. ఇవి సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఒక్కటే. ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 1966 నవంబరు 1న విశాఖలో ఉక్కు ఉద్యమకారుల మీద కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో విద్యార్థులు ముందున్నారు, జనం వారి వెంట నిలిచారు. 1970లో పార్లమెంటులో కర్మాగారం ప్రకటన వచ్చింది. కెంట్ స్టేట్‌కు పక్కన పెట్టి చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఎనిమిది వారాల్లో దాని ఊసే రాలేదు.

చివరి రోజు ఆ మాట మాస్టారితో అంటే, శ్రద్ధగా విని, విశాఖ కాల్పుల మీద రుసుము లేకుండా తొమ్మిదో ఆదివారం పెడతానన్నారు. మా చెల్లెలు ఆ రోజుకు తన తోటి విద్యార్థినులను ముగ్గురిని తీసుకొస్తానంది. కొత్తగా చేరేవారు మొదటి రోజే తెలుగు నోట్సు అడిగి తీసుకోవాలి, అడగకపోతే ఆంగ్ల ప్రతే చేతికి వస్తుంది.