పాడ్ కాఫీ మెషిన్: ముందు పాడ్ సంగతి తేల్చుకుని, ఆ తర్వాత మెషిన్ చూడండి

పాడ్ అంటే ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బీ. దాన్ని వేసి బటన్ నొక్కితే కాఫీ దించే పాడ్ మెషిన్ ఆర్డరు పెట్టే ముందు ఒక పని చేయండి. దానికి వాడే పాడ్ల పేజీ తెరిచి మీ పిన్‌కోడ్ కొట్టండి. జయపురమైతే 764001, రాయగడైతే 765001, బరంపురమైతే 760001. కనీసం రెండు వేర్వేరు కంపెనీల పాడ్లు మీ ఇంటికి వస్తాయని తేలితేనే ఆ మెషిన్ గురించి ఆలోచించండి. ఒక్క కంపెనీవే వస్తాయంటే, ఆ కంపెనీ ధర పెంచిన రోజున మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. అసలు రావంటే మెషిన్ ఎంత చవకగా దొరికినా దండగే. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు పాడ్లు అయిపోతే పక్క వీధి సూపర్ మార్కెట్టో, గంటలో తెచ్చిచ్చే యాపో ఉంటుంది. గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఉన్నవాళ్లు నెలకు సరిపడా ముందే తెప్పించుకోవాలి. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో మెషిన్ ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది.

బజారులో కనిపించేవాటిలో పాడ్ కొలతలు ఒకదానికొకటి కలవవు. అన్నిటికన్నా ఎక్కువమంది తయారుచేసేది నెస్ప్రెస్సో కంపెనీ ‘ఒరిజినల్’ కొలత. 1986లో మొదలైన ఈ పద్ధతి మీద ముఖ్యమైన పేటెంట్లు 2012లో ముగిశాయి. అప్పటి నుంచి ఎవరైనా ఆ కొలతకు పాడ్ చేసి అమ్ముకోవచ్చు. మన దేశపు కాఫీ కంపెనీలు కూడా కొన్ని ఇవే చేస్తున్నాయి. అందుకే ఈ ప్రాంతంలో కొనేవాళ్లకు మా సిఫారసు ఇదొక్కటే. నెస్ప్రెస్సో వారి ఎసెంజా మినీ లాంటి చిన్న మోడల్ అయినా, ఇదే కొలత పాడ్లు తీసుకునే మరో కంపెనీ మెషిన్ అయినా ఫరవాలేదు.

నెస్ప్రెస్సోదే వర్టుయో అని ఇంకో వరస ఉంది. పేరు ఒకటే కదా అని పొరపడితే ఇరుక్కుంటారు. వర్టుయో పాడ్ గుండ్రటి గోపురంలా ఉంటుంది, దాని అంచు మీద బార్‌కోడ్ ఉంటుంది. మెషిన్ ఆ బార్‌కోడ్ చదివి, నిమిషానికి 7,000 చుట్ల దాకా పాడ్‌ని తిప్పి కాఫీ దించుతుంది. పనితనం బాగుంటుంది, పెద్ద కప్పు నిండుగా నల్ల కాఫీ తాగేవాళ్లకు నచ్చుతుంది. కానీ బయటి కంపెనీల పాడ్లు దీనికి దొరకడం కష్టం. ఒరిజినల్ పాడ్ ఇందులో పట్టదు, దీనిది అందులో పట్టదు. లవాజ్జా ఆ మోదో మియో, డోల్చే గుస్టో అనే వరసలు కూడా దేని కొలత దానిదే.

ఇక అమెరికా నుంచి పిల్లలు తెచ్చే క్యూరిగ్. ఇది వద్దు. అది 120 వోల్టులకు చేసిన మెషిన్, సుమారు 1,500 వాట్లు లాగుతుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే హీటరు మీద మూడున్నర రెట్లకు పైగా భారం పడి క్షణాల్లో కాలిపోతుంది. ఫోన్ ఛార్జర్లకు వాడే చిన్న కన్వర్టర్ దీనికి ఆగదు. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 2,000 వీఏ సామర్థ్యం ఉన్నది కావాలి.  ఇంత చేశాక దాని కే-కప్ పాడ్లు మళ్లీ విదేశం నుంచే రావాలి. సూట్‌కేసులో ఆ చోటు ఇంకో వస్తువుకు ఇవ్వమని చెప్పండి.

మెషిన్ డబ్బా మీద 15 బార్, 19 బార్, 20 బార్ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది పంపు ఇవ్వగలిగిన గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. పాడ్ లోపల కాఫీ దిగేటప్పుడు అంత ఒత్తిడి అవసరం పడదు. 15కీ 20కీ మధ్య తేడా రుచిలో తెలియదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్ల ట్యాంకు 0.6 లీటరుకు తగ్గకూడదు. వాడిన పాడ్లు పడే డబ్బాలో కనీసం 5, 6 పట్టాలి. కాఫీ పరిమాణాన్ని మనకు కావలసినట్టు మార్చుకునే వీలుండాలి. కింది ట్రే తీస్తే మీ ఇంటి గ్లాసు, కాఫీ దిగే ముక్కు కింద నిలబడాలి. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. కొన్ని చిన్న మెషిన్లు పొట్టి ఎస్ప్రెస్సో కప్పును దృష్టిలో పెట్టుకుని చేసినవి, మన పొడుగు స్టీలు గ్లాసు అడుగున పట్టదు.

పాల కాఫీ విషయం కాస్త విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో నిరాశ వచ్చేది ఇక్కడే. ఒరిజినల్ పాడ్‌లో పొడి 5 నుంచి 6 గ్రాములు ఉంటుంది. మామూలుగా చికోరీ ఉండదు. ఎస్ప్రెస్సో బటన్ నొక్కితే 40 మిల్లీలీటర్లు, లుంగో నొక్కితే 110 మిల్లీలీటర్లు దిగుతుంది. చికోరీ కలిపిన డికాషన్‌కు అలవాటుపడ్డ నోటికి 40 మిల్లీలీటర్ల పాడ్ కాఫీలో 150 మిల్లీలీటర్ల పాలు పోస్తే అది పాలలాగే ఉంటుంది. ఒక పాడ్‌కు 80, మహా అయితే 90 మిల్లీలీటర్ల పాలు. పెద్ద గ్లాసు కావాలంటే రెండు పాడ్లు.

కాఫీ పల్చగా ఉందని లుంగో బటన్ నొక్కేవాళ్లు చాలామంది. ఎక్కువ కాఫీ వస్తుందనుకుంటారు, వచ్చేది ఎక్కువ నీళ్లు. మంచి సారం మొదటి 30, 40 మిల్లీలీటర్లలోనే దిగిపోతుంది. ఆ తర్వాత దిగేది చేదు. చేయాల్సింది దీనికి తిరగేసి. ఎస్ప్రెస్సో పరిమాణాన్ని 30 మిల్లీలీటర్లకు తగ్గించి పెట్టుకోండి. చాలా మోడళ్లలో పద్ధతి ఒకటే: పాడ్ వేసి, బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకుని, కావలసినంత దిగగానే వదిలేయాలి. మెషిన్ ఆ కొలతను గుర్తు పెట్టుకుంటుంది. పాలకు వాడే పాడ్లలో రోబస్టా రకం గింజలు కలిపినవి, డబ్బా మీద గాఢత 10 అంతకు మించి ఉన్నవి తీసుకోండి. పూల వాసన, పండ్ల పులుపు అని రాసిన తేలికపాటి వేయింపు పాడ్లు గేదె పాలలో మునిగిపోతాయి.

ఇంకో చిక్కు వేడి. పాడ్ కాఫీ గ్లాసులోకి వచ్చేసరికే మన స్టవ్ మీది డికాషన్ అంత వేడి ఉండదు, చల్లటి స్టీలు గ్లాసు ఇంకొంత లాగేస్తుంది. ముందు పాడ్ లేకుండా ఒకసారి వేడినీళ్లు గ్లాసులోకి దించి పారబోయండి. గ్లాసు కాగుతుంది, ముక్కులో నిన్నటి మరకా పోతుంది. చక్కెర అడుగున వేసి దాని మీదికే కాఫీ దించితే వేరే కలపనక్కర్లేదు. పాలు స్టవ్ మీదే కాచుకోండి. నురగ తీసే మెషిన్ కలిపి అమ్మే సెట్‌కు ఎక్కువ పెట్టడం కన్నా, బ్యాటరీతో తిరిగే చిన్న చిలుకుడు పుల్ల చాలు.

ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు. పాడ్ 50 రూపాయలనుకుందాం. అందులో పొడి 5.5 గ్రాములు. అంటే కిలో కాఫీ పొడి తొమ్మిది వేల రూపాయలు దాటినట్టు. నలుగురున్న ఇంట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటే రోజుకు 8 పాడ్లు, 400 రూపాయలు, నెలకు 12,000. నలుగురికీ వరసగా తీస్తే ఒక్కోదానికి పాడ్ మార్చడంతో కలిపి నిమిషం పడుతుంది, ఈలోపు మొదటివాడి పాలు చల్లారతాయి. అందుకే ఉమ్మడి కుటుంబానికి ఇది సరిపడే వస్తువు కాదు. ఒకరిద్దరున్న ఇంటికి, వేళాపాళా లేని డ్యూటీలు చేసేవాళ్లకు, నల్ల కాఫీ తాగేవాళ్లకు సరిపోతుంది.

పైగా ఈ ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. కోరాపుట్ కొండల్లో జయపురం సంస్థానం రోజుల నుంచే కాఫీ పండుతోంది. గిరిజన రైతులు పండించిన అరబికా రకం కాఫీ పొడిని ఒడిశా గిరిజన సహకార సంస్థ ‘కోరాపుట్ కాఫీ’ పేరుతో అమ్ముతోంది. సరిహద్దు దాటితే అరకు ఉండనే ఉంది. ఇంత దగ్గర పొడి పెట్టుకుని పాడ్లకు ఎందుకు డబ్బు పోయాలి అని అడిగేవాళ్లకు మధ్యేమార్గం, మళ్లీ మళ్లీ నింపుకునే స్టీలు పాడ్. అయితే దాంతో పడే పాట్లు ముందే తెలిసి ఉండాలి.

స్టీలు పాడ్‌లో 5 గ్రాముల పొడి వేయాలి, అంచుకు కాస్త దిగువ దాకా. వేలితో మెల్లగా అదిమితే చాలు, గట్టిగా కుక్కకూడదు. అంచు మీద ఒక్క నలుసు లేకుండా తుడిచి మూత పెట్టాలి. పొడి ముతకగా ఉంటే 10 సెకన్లలో పచ్చి నీళ్లలా దిగిపోతుంది. మరీ మెత్తగా ఉంటే పంపు మూలుగుతుంది, చుక్క రాదు. 40 మిల్లీలీటర్లు 20 నుంచి 30 సెకన్లలో దిగితే పొడి సరైన మెత్తదనంలో ఉన్నట్టు. చికోరీ కలిసిన ఫిల్టరు పొడి ఇందులో వేయకండి. చికోరీ నీళ్లు తగలగానే మెత్తబడి దారి మూసేస్తుంది. కాఫీ ముందు నుంచి రాక నీళ్లన్నీ వెనక డబ్బాలోకి పోతుంటే స్టీలు పాడ్ రబ్బరు రింగు అరిగినట్టు, దాన్ని మార్చాలి. కాఫీ దిగగానే పాడ్ తీసేయాలి, లోపల ఉంచితే ఎండి పట్టేస్తుంది. వారంటీ కాగితంలో ఇలాంటివి వాడితే చెల్లదని ఉందేమో చదువుకోండి.

పొడి వేసుకునే అడాప్టరుతో కలిపి మూడు నాలుగు రకాల పాడ్లూ పడతాయని అమ్మే మెషిన్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. అన్నీ చేసేది ఏదీ సరిగా చేయదన్నట్టే ఉంటాయి. ప్రతి అడాప్టరుకూ ఒక రబ్బరు రింగు, ప్రతి రింగూ కారడానికి ఒక చోటు.

కొనే పాడ్లలోనూ తేడా ఉంది. మెషిన్‌లో లివర్ దించగానే సూదులు పాడ్ వెనక భాగాన్ని పొడుస్తాయి. నీళ్లు ఒత్తిడితో లోపలికి వెళ్లాక ముందున్న రేకు ఉబ్బి, ఎదురుగా ఉన్న చిన్న చిన్న మొనల మీద చిరుగుతుంది. ఈ పనంతా అల్యూమినియం కొలతల మీద నడుస్తుంది. ప్లాస్టిక్ పాడ్ మందం కాస్త ఎక్కువైనా సూది సరిగా దిగదు, వేడికి అంచు వంగి ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే లివర్‌ను బలంగా లాగకండి. మెషిన్ ఆపి, చల్లారనిచ్చి, లివర్‌ను మెల్లగా రెండు మూడు సార్లు ఆడిస్తే జారుతుంది. వానాకాలం తేమకు కూడా అల్యూమినియమే నిలుస్తుంది. కొత్త కంపెనీ పాడ్లు మొదట పది తెప్పించి చూడండి, ధర తక్కువని వంద కొనకండి.

కరెంటు. 1,300 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర 5.7 ఆంపియర్లు లాగుతుంది. చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు అంచుల మీద ఉన్నట్టే. ఫ్రిజ్‌కో గీజరుకో వేసే 16 ఆంపియర్ల పాయింటులో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయే వీధుల్లో అదే హీటరు 800 వాట్లే ఇస్తుంది. అరనిమిషంలో కాగాల్సింది 50 సెకన్లు తీసుకుంటుంది, పంపు కూడా నీరసిస్తుంది, కాఫీ గోరువెచ్చగా పల్చగా దిగుతుంది. మెషిన్ చెడిందని అనుకునే ముందు వోల్టేజి చూడండి. ఇంటి ఇన్వర్టరు మీద నడపకండి. 900 వీఏ ఇన్వర్టరు ఈ భారం మోయలేదు.

నీళ్లు అన్నిటికన్నా ముఖ్యం. బోరు నీళ్లు పోస్తే గీజరులో ఉప్పు కట్టినట్టే లోపలి సన్నటి గొట్టంలో తెల్లగా పేరుకుంటుంది. మొదట కాఫీ వేడి తగ్గుతుంది, తర్వాత ధార సన్నబడుతుంది, చివరికి పంపు మోత మిగులుతుంది. 20 లీటర్ల క్యాను నీళ్లు దీనికి మందే, కానీ మరీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) లేని ఆర్వో నీళ్లలో కాఫీ చప్పగా దిగుతుంది. టీడీఎస్ 80 నుంచి 150 మధ్య ఉంటే రుచీ నిలుస్తుంది, గొట్టమూ నిలుస్తుంది. మీ కుళాయి నీళ్లు 300 దాటితే క్యాను నీళ్లలో పావు వంతు వడగట్టిన కుళాయి నీళ్లు కలపండి.

మూడు నెలలకోసారి, లేదా 300 పాడ్లకోసారి కడగాలి. కంపెనీ ఇచ్చే ద్రావణాన్ని అర లీటరు నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, పాడ్ లేకుండా, కడిగే మోడ్‌లో మొత్తం దించాలి. కింద లీటరు పట్టే గిన్నె పెట్టండి. దిగిన నీళ్లనే ఇంకోసారి పోసి దించి, తర్వాత మంచినీళ్లతో రెండు ట్యాంకులు పోనివ్వాలి. వెనిగర్ వాడకండి, రబ్బరు రింగులు పాడవుతాయి, వాసన నాలుగు రోజులు వదలదు.

ట్యాంకు ఖాళీ అయ్యాక బటన్ నొక్కితే పంపులోకి గాలి చేరుతుంది. మోత వస్తుంది, నీళ్లు రావు. ట్యాంకు నిండా పోసి గట్టిగా నొక్కి కూర్చోబెట్టి, పాడ్ లేకుండా లివర్ వేసి లుంగో రెండు మూడుసార్లు నడపండి. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

సర్వీసు సెంటరు మీ ఊళ్లో ఉండే అవకాశం తక్కువ. విశాఖకో భువనేశ్వర్‌కో పంపాల్సి వస్తుందని ముందే అనుకుని, కొనేటప్పుడు కొరియర్ ఖర్చు ఎవరిదో అడగండి. వచ్చిన అట్టపెట్టె, లోపలి ప్యాకింగ్ ముక్కలు వారంటీ ముగిసేదాకా అటక మీద దాచండి. పంపే రోజు ట్యాంకు తీసేసి, ఖాళీచేసే మోడ్‌లో లోపలి నీళ్లన్నీ దించేయండి. లేకపోతే దారిలో ఆ నీళ్లు కారి లోపలి బోర్డు తడుస్తుంది, తడిసిన బోర్డుకు వారంటీ వర్తించదని చెప్పేస్తారు.