ఖమ్మంలో పన్నెండు గురువారాల శిష్యత్వ తరగతి: వెళ్లొచ్చాక నా అభిప్రాయం

మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్రైస్తవ సంఘంలో శిష్యత్వ తరగతులు, అంటే యేసు చెప్పినట్టు బతకడం నేర్పే తరగతులు పెడితే జనవరి నుంచి పన్నెండు గురువారాలు వదలకుండా వెళ్లాను. ఫీజు లేదు, నోటు పుస్తకానికి 60 రూపాయలు తీసుకున్నారు. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయినా ఆదివారం ఆరాధనకు వెళ్లి రావడం తప్ప ఇంకేమీ కదలట్లేదని బాధపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను, నేనూ అలాగే ఉండేవాణ్ణి.

బైబిల్‌లోని లూకా సువార్తలో 24 అధ్యాయాలు కదా, వారానికి రెండు చొప్పున చదివించారు. పాఠాలు బాగుంటాయి, అయితే నాకు పనికొచ్చింది మాత్రం మొదటి ఇరవై నిమిషాలు. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, పోయిన వారం చదివినదాన్ని బట్టి ఏం చేశావని ఒకరినొకరు అడగమంటారు. నా జత ఆటో నడిపే ఒక అన్న. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని యేసుతో చెప్పిన పన్నుల అధికారి జక్కయ్య గురించి చదివాక, మా నాన్న దినాల ఖర్చుల్లో తమ్ముడికి నేనివ్వాల్సిన 8,000 రూపాయలు ఇవ్వకుండా రెండేళ్లుగా మాటలు మానేశానని ఆయనకు చెప్పాను. మరుసటి వారం కూర్చోగానే "ఇచ్చావా తమ్ముడూ?" అన్నాడు. ఇవ్వలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే వెళ్లి ఇచ్చేశాను. మా మరదలు అన్నం తినకుండా పంపనంది.

నేను మందుల షాపులో పనిచేస్తాను. ఈ గొడవంతా తెలిసిన తోటి కుర్రాడు, చచ్చినా ఇవ్వనన్నావు కదన్నా, ఏమైందని అడిగాడు. జక్కయ్య కథ చెప్పాను, షట్టర్ దించేదాకా విన్నాడు. చర్చికి రాలేదు, నేనూ బలవంతపెట్టలేదు. వాళ్లమ్మకు శుక్లాల ఆపరేషన్ అన్న రోజు మాత్రం తనే వచ్చి ప్రార్థన చేయమన్నాడు.

నాకు అస్సలు నచ్చనిది ఎనిమిదో వారం. సువార్త, అంటే యేసు గురించిన శుభవార్త, ఇతరులకు ఎలా చెప్పాలో అచ్చేసిన కాగితం ఇచ్చి నాలుగు పాయింట్లు కంఠతా పట్టించారు. ఎదుటి మనిషి ఏమంటున్నాడో వినే పనే లేదు అందులో, పాలసీ అమ్మడానికి వచ్చినవాళ్లలా మాట్లాడటం ప్రాక్టీస్ చేశాం. ఆ తర్వాతి శనివారమే మమ్మల్ని రైల్లో డోర్నకల్ తీసుకెళ్లారు, అది మాత్రం ఎన్నటికీ మర్చిపోను. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్‌లో, అంటే బిషప్ గారి పెద్ద చర్చిలో, గుడి పోలికలూ మసీదు పోలికలూ కలిసి కనిపిస్తాయి. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు అక్కడే సేవ చేశారు. బాప్తిస్మం తీసుకునేవాళ్లను తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ (అంటే నాకు కీడే) అని పలకమనేవారట. అలా పలికినవాళ్లలో ఎక్కువమంది అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. వాళ్ల నడవడి మారడం చూసి వేరే కులాలవాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు. ఆ కాగితం బదులు ఎనిమిదో వారం ఈ సంగతే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంకో సంగతి, హోంవర్క్ అంతా రాతపనే. చదువు రాని ఒక అమ్మమ్మ మూడు వారాలు ఖాళీ నోటు పుస్తకంతో వచ్చి వెనక వరసలో కూర్చుంది, నాకు చాలా కష్టమనిపించింది. తర్వాత ఆమె మనవరాలు ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టిచ్చింది. అప్పట్నుంచి మా అందరికంటే ముందు అధ్యాయాలు పూర్తి చేసి వచ్చింది ఆమే. పాత తెలుగు అనువాదం ఒక్కటే వాడటం వల్ల కుర్రాళ్లకు సగం మాటలు అర్థం కాలేదు, పక్కన వాడుక భాషలో ఉన్నది కూడా ఇస్తే మంచిది.

ఈస్టర్ తర్వాత ఇంకో బ్యాచ్ అంటున్నారు. వీలైతే తప్పకుండా వెళ్లండి, తెలిసినవాళ్లతో కాకుండా కొత్తవాళ్లతో జత అడగండి. పాస్టర్ గారికి నా మనవి ఒక్కటే, ఏడింటికి బదులు ఆరింటికి మొదలుపెట్టండి, ఊళ్ల నుంచి వచ్చే అక్కలు చివరి బస్సు టెన్షన్‌తో ముగింపు ప్రార్థన కాకుండానే లేచి వెళ్లాల్సి వస్తోంది.