మల్టీమీడియాలో పీజీ: ఎం.టెక్, ఎం.డెస్, ఎమ్మెస్సీ.. ఏది మేలు?

గ్రీన్‌మ్యాట్ ముందు తీసిన షాట్ ఒకటి. కీ చేసి, అంటే ఆకుపచ్చను తీసేసి, వెనకాల కోట పెడితే హీరోయిన్ జుట్టు అంచున పచ్చచార మిగిలింది, అంచు మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తోంది. విడి బొమ్మల్ని ఒకే షాట్‌గా కలిపే కంపోజిటింగ్ నేర్చినవారైతే పచ్చచారను తొలగించే డీస్పిల్ వేసి, జుట్టు అంచుకొక మ్యాట్ (ఏ భాగం కనిపించాలో చెప్పే ముసుగు), ఒంటికొక మ్యాట్ విడివిడిగా తీసి సాయంత్రానికి షాట్ అప్పజెబుతారు. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో ఎం.టెక్ చేసినవారు ముందు ఫైల్ సంగతి చూస్తారు. రికార్డింగ్ 4:2:0లో జరిగింది. అంటే 1920×1080 బొమ్మలో వెలుగు వివరం పూర్తిగా ఉన్నా, రంగు వివరం 960×540 మేరకే ఉంది. కీ ఆధారపడేది రంగు మీద కాబట్టి మెట్లు పడక తప్పదు. రంగును తిరిగి సాగదీసే ఫిల్టర్ మార్చడమో, అంచుల్ని అంచనా వేసే మోడల్ తయారుచేయడమో వాళ్ల పని. డిజైన్ చదివినవారు స్టోరీబోర్డు ముందేసుకుని, అసలు ఈ సన్నివేశానికి జుట్టు ఎగిరే క్లోజప్ కావాలా అని అడుగుతారు.

ముగ్గురి బయోడేటాలోనూ మల్టీమీడియా అనే మాట ఉండొచ్చు. చేసే పని మాత్రం ఒకదానితో ఒకటి పోలదు. అందుకే కోర్సు పేరు చూసి కాకుండా, రోజంతా దేని ముందు ఓపిగ్గా కూర్చోగలరో చూసుకుని పీజీ ఎంచుకోవాలి.

కోడ్ రాసేవారికి

మన దగ్గర ఎం.టెక్ పట్టా మీద మల్టీమీడియా అని రాసి ఉండటం అరుదు. సీఎస్‌ఈ లేదా ఈసీఈలో చేరి కంప్యూటర్ గ్రాఫిక్స్, కంప్యూటర్ విజన్, ఇమేజ్, వీడియో ప్రాసెసింగ్ ఎలక్టివ్‌లుగా తీసుకుని, థీసిస్ కూడా అందులోనే చేయాలి. హైదరాబాద్‌లో దీనికి పేరున్న చోటు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ. అక్కడి సీవీఐటీ అనే పరిశోధన కేంద్రం పని అంతా దృశ్య సమాచారం మీదే. ప్రవేశానికి పీజీఈఈ అనే సొంత పరీక్ష ఉంది. ఎం.టెక్‌తో పాటు ఎంఎస్ బై రీసెర్చ్ కూడా ఉంది. ఇందులో తరగతుల కంటే థీసిస్‌దే పెద్ద పీట, కాబట్టి రెండేళ్లలో బయటపడాలనుకునేవారు ఎం.టెక్‌కే వెళ్లడం మంచిది. ఐఐటీలు, ఎన్‌ఐటీలకైతే గేట్ రాయాలి. ఐఐటీల ఆఫర్లు కోప్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా, ఎన్‌ఐటీల సీట్లు సీసీఎంటీ అనే కౌన్సెలింగ్ ద్వారా వస్తాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఆ స్కోరుతో ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. ఇంట్లో డబ్బు అడగలేని పిల్లలకు మిగతా దారుల కంటే ఇది మేలని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

చదువు ఎలా ఉంటుందో ఒక లెక్కతో చూడండి. 1920×1080 బొమ్మలో ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు, సెకనుకు 24 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు దాదాపు 149 మెగాబైట్లు, అంటే 1.19 గిగాబిట్లు. ఇదే వీడియో ఫోన్‌లో నాలుగైదు మెగాబిట్లతో ఆగకుండా ఆడుతోందంటే దాదాపు రెండు వందల యాభై వంతుల్లో ఒక్క వంతే మిగిలింది. మిగతా సమాచారం ఎక్కడ వదిలేశారు, వదిలేసినా కంటికి ఎందుకు తెలియలేదు? డీసీటీ, మోషన్ ఎస్టిమేషన్, ఎంట్రోపీ కోడింగ్ అనే వీడియో కుదింపు పద్ధతులన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే. గ్రాఫిక్స్ వైపు వెళ్తే 4×4 మాత్రికలు, వస్తువును తిప్పడాన్ని లెక్కగట్టే క్వాటర్నియన్లు, ప్రాబబిలిటీ. యానిమేషన్ సినిమాలంటే ప్రాణం కదా అని చేరి, మొదటి సెమిస్టర్‌లోనే లీనియర్ ఆల్జీబ్రా దగ్గర కుదేలైనవాళ్లు చాలామంది. దరఖాస్తుకు ముందే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో మూడు గోళాలు, ఒక దీపం, నీడ, అద్దపు ప్రతిబింబం చూపించే చిన్న రే ట్రేసర్ (కాంతి కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రామ్) రాయండి. వెలుగు పడాల్సిన చోట నల్లటి మచ్చలు వస్తాయి. కిరణం బయల్దేరిన చోటే మళ్లీ అదే గోళాన్ని తాకుతోందని, మొదలు బిందువును కాస్త బయటికి జరపాలని కనిపెట్టే పని ఆనందంగా అనిపిస్తే ఈ దారి మీదే. విసుగొస్తే ఇంకోటి చూసుకోవడం నయం.

రాష్ట్ర ప్రవేశ పరీక్షలైన టీజీ పీజీఈసెట్, ఏపీ పీజీఈసెట్ ద్వారా దగ్గర్లోని కాలేజీలో చేరాలనుకుంటే సిలబస్ కాగితాన్ని నమ్మొద్దు. అందులో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎలక్టివ్ అని ఉంటుంది. తీసుకునేవాళ్లు చాలినంతమంది లేరనో, చెప్పేవారు లేరనో ఏళ్ల తరబడి అది నడవదు. గత రెండు బ్యాచ్‌లలో ఆ పేపర్ నిజంగా నడిచిందా, ఎవరు చెప్పారు, ఆ అధ్యాపకుల ఇటీవలి పరిశోధన పత్రాలు దేనిమీద అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే, ఆ పట్టా మీరు అనుకుంటున్న పట్టా కాదు.

గీసేవారికి, ఆలోచించేవారికి

ఎం.డెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, ప్రధాన ద్వారం సీడ్ పరీక్ష. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు. బీటెక్, బీకాం, బీఎఫ్‌ఏ ఏదైనా ఫర్వాలేదు. ఈ సంగతి మన డిగ్రీ కాలేజీల్లో చాలామందికి తెలియదు. యానిమేషన్ అంటే ఇంజినీరింగ్ చేసినవాళ్లకేనని అనుకుని ఊరుకుంటారు.

పరీక్ష మూడు గంటలు. గంటసేపు కంప్యూటర్ మీద పార్ట్ ఏ, రెండు గంటలు కాగితం మీద పార్ట్ బీ. పార్ట్ ఏ కటాఫ్ దాటకపోతే పార్ట్ బీ దిద్దరు. దాటాక తుది స్కోరులో పార్ట్ బీకే 75 శాతం బరువు. పార్ట్ బీలో ఐదు ప్రశ్నలు: బొమ్మ, సృజన, భావ వ్యక్తీకరణ, విశ్లేషణ, సమస్యను గుర్తించడం. 120 నిమిషాలను ఐదుకు పంచితే ఒక్కోదానికి 24 నిమిషాలు. బాగా గీసేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మొదటి బొమ్మకు షేడింగ్ వేస్తూ 45 నిమిషాలు తినేసి, చివరి రెండు ప్రశ్నలకు గీతలు గీకి వస్తారు. ఇంట్లో సాధన చేసేటప్పుడే గడియారం పెట్టుకోవాలి. నున్నటి పెన్సిల్ పోర్ట్రెయిట్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఆర్టీసీ బస్టాండులో టీకొట్టును పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో, గ్లాసు పట్టుకున్న చేయి, బెంచీ మీది మనిషి, వెనకాల బస్సు ఒకే పర్‌స్పెక్టివ్‌లో పడేలా ఊహించి గీయగలగాలి. పార్ట్ ఏలో తప్పు జవాబుకు మార్కులు కోసే ప్రశ్నలున్నాయి, కాబట్టి తోచినట్టు గుడ్డిగా టిక్కు పెట్టడం నష్టమే. సీడ్ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆ తర్వాత ప్రతి సంస్థకూ విడిగా దరఖాస్తు, పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ ఉంటాయి.

1969లో మొదలైన ఐఐటీ బాంబే డిజైన్ విభాగం ఐడీసీలో యానిమేషన్, ఇంటరాక్షన్ డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్ ఎం.డెస్‌లున్నాయి. తెలంగాణవాళ్లకు దగ్గరగా సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం ఉంది. ఎన్‌ఐడీకి (జాతీయ డిజైన్ సంస్థ) సీడ్ పనికిరాదు, డ్యాట్ అనే సొంత పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్‌గా జరుగుతుంది. అక్కడ ఎం.డెస్ రెండున్నరేళ్లు. యానిమేషన్ అహ్మదాబాద్‌లో, గేమ్ డిజైన్ బెంగళూరులో. సినిమాయే లోకమనుకునేవారికి కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడేళ్ల యానిమేషన్ సినిమా కోర్సు ఉంది.

ఎం.డెస్‌తో వచ్చే ఉద్యోగాల గురించి ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇంటరాక్షన్ డిజైన్ చేసినవారిని సాఫ్ట్‌వేర్ కంపెనీలు యూఎక్స్ డిజైనర్లుగా (యాప్ వాడటం సులువుగా ఉండేలా తీర్చిదిద్దేవారు) మంచి జీతాలిచ్చి తీసుకుంటాయి. యానిమేషన్ ఎం.డెస్‌కు ఆ పరిస్థితి లేదు. అక్కడ మీరు తీసిన గ్రాడ్యుయేషన్ ఫిల్మే మీ ఉద్యోగ దరఖాస్తు. ఒకే పట్టా కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ప్రైవేటు ఎమ్మెస్సీ మల్టీమీడియా

బోర్డులు ఎక్కువ కనిపించేది వీటివే, జాగ్రత్త ఎక్కువ పడాల్సిందీ ఇక్కడే. అమీర్‌పేటలోనో బెజవాడలోనో మల్టీమీడియా శిక్షణ ఇచ్చే సెంటరు, పట్టా మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రపు యూనివర్సిటీది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వ్యవహారం. ఒక రాష్ట్ర చట్టం కింద పుట్టిన యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి ఇలా ఫ్రాంచైజీ సెంటర్లు నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. దూరవిద్య, ఆన్‌లైన్ అని చెబితే ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు ఈ సెషన్‌లో అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగమైన డెబ్ వెబ్‌సైట్‌లో చూడండి. 2024 నుంచి ఇలాంటి ప్రవేశాలకు విద్యార్థి స్వయంగా డెబ్ ఐడీ తీసుకోవాలి. అదంతా మేం చూసుకుంటాం అన్నారంటే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి. రేపు లెక్చరర్ పోస్టుకు వెళ్లాలంటే గుర్తింపున్న పీజీలో 55 శాతం మార్కులు, పైన నెట్ లేదా సెట్ అడుగుతారు. పట్టా చెల్లకపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

గుర్తింపు సరిగ్గా ఉందనుకుందాం. అప్పుడు చూడాల్సింది యంత్రాలు, మాస్టారు. నిమిషం నిడివి త్రీడీ సినిమాకు 1,440 ఫ్రేములు. కంప్యూటర్ తుది బొమ్మ తయారుచేసే రెండర్‌కు ఫ్రేముకు పది నిమిషాలు అనుకుంటే 240 గంటలు, ఒక్క కంప్యూటరైతే పది రోజులు కట్టకుండా నడవాలి. బ్యాచ్‌లో నలభై మంది ఒకే వారం ప్రాజెక్టు ఇవ్వాల్సి వస్తే? రాత్రిపూట ల్యాబ్ తెరిచి ఉంచుతారా, జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఉన్న సిస్టమ్‌లెన్ని అని అడగండి. డెమో క్లాసులో మాస్టారిని ఒకటి అడగండి: నార్మల్ మ్యాప్‌ను (త్రీడీ వస్తువు ఉపరితలపు ఎత్తుపల్లాలు చూపే ఫైల్) ఎస్‌ఆర్‌జీబీగా (తెర రంగుల పద్ధతి) ఎందుకు లోడ్ చేయకూడదు? అందులో ఉన్నవి రంగులు కావు, దిక్కులు చెప్పే అంకెలు, ఎస్‌ఆర్‌జీబీ వంపు వేస్తే ఆ అంకెలు మారి వెలుగు తప్పుగా పడుతుంది. ఈ మాత్రం రెండు వాక్యాల్లో చెప్పలేని చోట రెండేళ్లు కూర్చుంటే బటన్లు ఎక్కడున్నాయో వస్తుంది, పని రాదు.

ఆర్టిస్టుగానే బతకదలచుకున్నవారికి నిజానికి పీజీ తప్పనిసరి కాదు. స్టూడియో వాళ్లు పట్టా అడగరు, మీ పని చూపించే చిన్న వీడియో, అంటే రీల్ చూస్తారు. 60 నుంచి 90 సెకన్లు, అన్నిటికంటే మంచి షాట్ మొదట, ప్రతి షాట్ కింద మీరు చేసిన పని ఏదో ఒక ముక్క, పక్కన షాట్ ఎలా తయారైందో చూపే బ్రేక్‌డౌన్. ట్యుటోరియల్‌లో చేసిన డోనట్ పెడితే ఇట్టే దొరికిపోతారు. అయితే ఈ రంగంలో గాలి ఎటు వీస్తుందో కూడా తెలిసుండాలి. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ టెక్నికలర్ గ్రూపు కుప్పకూలి మన దేశంలోని స్టూడియోలూ ఆగిపోయినప్పుడు వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. కొత్తవాళ్లు మొదట అడుగుపెట్టే రోటో పనిలో (ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచు గీసి వేరుచేయడం) మాస్క్‌లు గీయడాన్ని మెషీన్ లెర్నింగ్ టూల్స్ లాక్కుంటున్నాయి. అందుకే ఒక్క సాఫ్ట్‌వేరే నేర్పే కోర్సుకు లక్షలు పోయడం కంటే, ఆ డబ్బుతో ఒక మంచి జీపీయూ కొనుక్కుని ఉచితంగా దొరికే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో రీల్ చేసుకోవడమే మేలు.

విదేశం

అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విజువలైజేషన్, ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ కంప్యూటర్ యానిమేషన్ ఈ రంగంలో పాతుకున్న పేర్లు. కళ, కోడ్ రెండూ చేతనైనవారికి ఇలాంటి కోర్సులు మన దగ్గర దొరకనివి. అప్పు చేసి వెళ్లేవారు మాత్రం ఒక చిన్న అంకె అడిగి తెలుసుకోవాలి. అమెరికా కోర్సుకు, అది ఏ వర్గంలోదో చెప్పే సిప్ కోడ్ ఉంటుంది. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే, చదువయ్యాక అక్కడ పనిచేసుకునే 12 నెలల అనుమతి ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. యానిమేషన్, స్పెషల్ ఎఫెక్ట్స్ కోడ్ 10.0304 ఆ జాబితాలో ఉంది. కోర్సు పేరు దాదాపు ఒకటే అయినా ఒక యూనివర్సిటీ దాన్ని కళల కింద, ఇంకోటి టెక్నాలజీ కింద వేయొచ్చు. వీసాకు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం వచ్చాక కాదు, దరఖాస్తుకు ముందే మెయిల్ రాసి అడగండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. కానీ మన పట్టాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్, నెలకింత చొప్పునే తీయగలిగే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఏపీఎస్ రావడానికి సమయం పడుతుంది కాబట్టి యూనివర్సిటీ దరఖాస్తు కంటే ముందే దాన్ని మొదలుపెట్టాలి.

ఇంకా ఎటూ తేలని బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. సీడ్ జనవరిలో, గేట్ ఫిబ్రవరిలో జరుగుతాయి కాబట్టి ఒకే ఏడాది రెండూ రాయొచ్చు. గేట్ రిజిస్ట్రేషన్ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలైపోతుంది, సీడ్‌ది సాధారణంగా అక్టోబరులో. ఉదయం గణితం, రాత్రి ఒక స్కెచ్ చొప్పున నాలుగు నెలలు చేయండి. ఏది వాయిదా వేస్తున్నారో నవంబరుకల్లా మీ నోటుపుస్తకాలే చెబుతాయి. రెండో పరీక్ష ఫీజు పోతే పోయింది, రెండేళ్లు తప్పు కోర్సులో కూర్చోవడం కంటే చవకే.