ధాల్సిమ్‌తో రెండేళ్లు: స్ట్రీట్ ఫైటర్ 6 మీద నా మాట

ఇద్దరు ఫైటర్లు ఎదురెదురుగా కొట్టుకునే వీడియో గేమ్ స్ట్రీట్ ఫైటర్ 6 వచ్చింది 2023 జూన్‌లో. నేను ఆ ఏడాది దసరా సెలవుల్లో కొన్నాను. అప్పటి నుంచి రెండేళ్లకు పైగా, ఫ్లెక్సీ షాపు మూసి ఇంటికొచ్చాక రోజుకో గంట, ఆదివారమైతే ఇంకాస్త ఎక్కువసేపు ఆడుతూనే ఉన్నాను. ఆడిందంతా దాదాపు ఒక్కడితోనే, ధాల్సిమ్‌తో. ఈ ఆటలో ఉన్న ఏకైక భారతీయుడు ఆయన. ఆయనంటే నాకు ప్రాణం. ఆయన్ని తయారుచేసిన తీరు మీద కోపం కూడా ఉంది. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తాను.

కొనాలనుకునేవాళ్ల కోసం ముందు ఆట సంగతి. వంక పెట్టడం కష్టం. విడుదలప్పుడే 18 మంది ఫైటర్లు ఉన్నారు, తర్వాత ఇంకా కలుస్తూ వచ్చారు. పాత పద్ధతిలో స్టిక్ తిప్పి దెబ్బలు కొట్టడం రాకపోతే 'మోడర్న్' కంట్రోల్స్ పెట్టుకోవచ్చు. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి వాటిని వారంలో పట్టేసింది. ప్రాణం గీత కింద, ప్రత్యేక ఎత్తులకు ఖర్చయ్యే ఆరు గళ్ల డ్రైవ్ గేజ్ ఉంటుంది. ఆవేశపడి అదంతా ఖర్చు చేసుకుంటే కాసేపు చేతులు కట్టేసినట్టే అవుతుంది. ఇంట్లో నెట్ ఓ మోస్తరుగా ఉన్నా మ్యాచ్‌లు బాగానే నడుస్తాయి.

ధాల్సిమ్‌తో గెలవాలంటే మాత్రం ఓపిక కావాలి. చేతులూ కాళ్లూ చాలా దూరం సాగుతాయి. అయితే సాగిన చెయ్యి వెనక్కి వచ్చేలోపు అవతలివాడు దూకితే దొరికిపోతాం. యోగా ఫైర్ వదలాలి, అవతలివాడు ఆ నిప్పుని ఆపుకునే పనిలో ఉండగా టెలిపోర్ట్ కొట్టి వాడి వీపు వెనక తేలాలి. ఈ ఒక్క ఎత్తు చేతికి రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. అది కుదిరిన రాత్రి కలిగే ఆనందం వేరు. ఇంతటి ఆలోచనతో ఆడాల్సిన క్యారెక్టర్ ఈ ఆటలో ఇంకోటి లేదని నా నమ్మకం.

నేను ఈయన్ని మొదట చూసింది 90ల్లో, తిరుపతి లీలామహల్ దగ్గర సందులో ఉండిన ఒక వీడియో గేమ్ షాపులో. ఆట స్ట్రీట్ ఫైటర్ 2, అసలుది 1991 నాటిది. మా ఊరికి వచ్చింది దొంగ కాపీ. అందులో నిప్పుల బంతులు పాముల్లా మెలికలు తిరిగి వెంటపడేవి. ఆట మధ్యలో స్టార్ట్ బటన్ నొక్కితే మనిషే మారిపోయేవాడు. రూపాయి బిళ్లకి ఒక ఆట. ధాల్సిమ్ అనే పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు, బైరాగి అనేవాళ్లం. మా ఇల్లేమో బైరాగిపట్టెడలో. "మీ పేటోడే రా, నువ్వే తీసుకో" అని పెద్ద పిల్లలు నాకు అంటగట్టారు. అలా దక్కాడు నాకు ధాల్సిమ్.

ఇప్పుడు బొమ్మలతోనే బతుకుతున్నాను కాబట్టి ఆ పాత బొమ్మని డిజైనర్ కంటితో చూస్తాను. బోడి తల మీద ఎర్ర గీతలు. నల్లగుడ్డు లేని తెల్లటి కళ్లు. లెక్కపెట్టగలిగేలా పక్కటెముకలు. మెడలో పుర్రెలు. వెనకాల ఘీంకరించే ఏనుగులు, గోడ మీద వినాయకుడు. ఇండియా అనగానే బయటివాడికి తట్టేవన్నీ ఒక్క స్క్రీన్‌లో కుక్కి పెట్టారు. పుర్రెలకి ఒక కథ ఉంది. ఊళ్లో మాయరోగం వచ్చి చనిపోయిన పిల్లలవి, వాళ్ల జ్ఞాపకంగా వేసుకున్నాడు. ఆయన దయగల మనిషి, పేదవాళ్ల కోసమే పోటీలకు వెళ్తాడు. రాసినవాళ్లు గౌరవంగానే రాశారు. కానీ ఆ కథ వెతికి చదివినవాడికి తెలుస్తుంది. బిళ్ల వేసి ఆడే పిల్లాడికి కనిపించేది పుర్రెలే.

తిరుపతిలో పుట్టినవాడికి గుండు వింత కాదు. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి చందనం పూసుకుని దిగేవాళ్లు ప్రతి బస్సులోనూ ఉంటారు. కపిలతీర్థం మెట్ల దగ్గర కాషాయం కట్టుకున్న పెద్దాయన టీ ఊదుకుంటూ తాగి, శ్రీకాళహస్తికి ఆఖరి బస్సు ఎన్నింటికని అడుగుతాడు. నాకు తెలిసిన బైరాగి అంటే ఆయన. ఏడో క్లాసు సెలవుల్లో మొక్కు తీర్చుకుని గుండుతో షాపుకి పోతే, జుట్టు మొలిచేదాకా నన్ను "యోగా ఫైర్" అనే పిలిచారు. బైరాగులని రోజూ చూసే ఊళ్లోనే, ఆ గుండుని మొక్కుగా కాకుండా ఆటలోని బొమ్మగా చూడటం అంత తొందరగా అలవాటైపోయింది. ఇన్నేళ్లయినా అది నా మనసులోంచి పోలేదు.

ఈ విషయం మీద మా బావకీ నాకూ చాలాసార్లు వాదన జరిగింది. ఆయన మాట ఇది: "బావా, జపాన్ వాళ్లు వాళ్ల సుమో వస్తాదునే బొమ్మ చేసుకున్నారు. రష్యావాడు ఎలుగుబంట్లతో కుస్తీ పడతాడు. బ్రెజిల్ వాడైతే పచ్చ రంగు మృగం. అందర్నీ అట్లనే చేసినప్పుడు మనకొక్కరికే నొప్పేంది?"

మంచి ప్రశ్నే. చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు ఊరికే వేళ్ల మీద లెక్కపెట్టాను. స్ట్రీట్ ఫైటర్ 2లో మనం ఎంచుకోగలిగింది ఎనిమిది మందిని. జపాన్‌కి ఇద్దరు: సుమో వస్తాదు హోండా ఒకడు, మామూలు మనిషి ర్యూ ఒకడు. అమెరికాకి గైల్, కెన్ ఇద్దరు, వాళ్లు కాక చివర్లో వచ్చే బాక్సర్. జపాన్ పిల్లాడికి హోండాని చూసి సిగ్గేస్తే ర్యూ దగ్గరికి పోవచ్చు. మాకు పోవడానికి ఇంకొకరు లేరు. ఒక్కణ్నే పెట్టినప్పుడు వాడు మనిషిగా మిగలడు, దేశానికి గుర్తుగా మారిపోతాడు.

బ్రెజిల్ కూడా మొదట్లో మా పరిస్థితిలోనే ఉంది. వాళ్లకి 1997లో మూడో భాగంలో షాన్ అనే కుర్రాడు వచ్చాడు, 2016లో ఐదో భాగంలో వాడి అక్క లారా వచ్చింది. ఇప్పుడు బ్రెజిల్ అంటే పచ్చ మృగం బ్లాంకా ఒక్కడే కాదు. మనకి 1996లో పక్క సిరీస్ 'ఈఎక్స్'లో డారున్ మిస్టర్ అనే కుస్తీ వస్తాదు ఒకడు వచ్చాడు, అసలు సిరీస్‌లోకి మాత్రం అడుగు పెట్టలేదు. 1991 నుంచి ఇప్పటిదాకా ధాల్సిమ్ ఒక్కడే. ఐదో భాగంలో గడ్డం, తలపాగా పెట్టారు. మనిషిని మార్చలేదు, వేషం మార్చారు.

రాయలసీమవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మల్టీమీడియా కోర్సు కోసం హైదరాబాద్ పోయినప్పుడు హాస్టల్లో మొదటి రోజే అడిగారు: "తిరుపతా? సీమ కదా అన్నా, మీ ఇంట్లో బాంబులుంటాయా?" కోపంగా కాదు, ప్రేమగానే అడిగారు. తొడలు కొట్టడం, టాటా సుమోలు గాల్లోకి లేవడం వాళ్లు తెర మీద చూశారు. మా వీధిలో నేను చూసిన పెద్ద గొడవ కొళాయి దగ్గర బిందెల వరస కోసం జరిగింది. అది చెప్తే వాళ్ల ముఖాల్లో ఉత్సాహం తగ్గిపోయింది. సినిమాల్లో సీమకి కత్తి పట్టినవాడు దొరికాడు కానీ లెక్కల మాస్టారు, నర్సమ్మ, టమోటా రైతు చాలాకాలం దొరకలేదు. ధాల్సిమ్ పక్కన ఇంకొకరు లేకపోవడం నాకు అందుకే అంత తగులుతుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ షాపులో మేం కూడా తక్కువ తినలేదు. బాక్సర్‌కి జపాన్‌లో పెట్టిన పేరు ఎం. బైసన్. మైక్ టైసన్ పోలిక వల్ల కేసు పడుతుందేమోనని బయటి దేశాలకి పంపేటప్పుడు పేరు మార్చి బల్రాగ్ చేశారు. ఆయనకి ఈ రెండు పేర్లూ ఉండగా, మేం పిలిచింది వేరే పేరు. ఒంటి రంగుని పట్టి పిలిచే ఆ మాట ఇక్కడ రాయను. అంత పెద్ద షాపులో అది తప్పని ఒక్కరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. మరుసటి ఏడాది అదే మాటని మా క్లాసులో చామనఛాయగా ఉన్న పిల్లాడికి అంటించారు. ఆట దగ్గర నేర్చుకున్న మాట బడిదాకా నడిచొచ్చింది. 'ఆట ఆటే' అనేవాళ్లతో నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం అదే.

పోయిన వేసవిలో నాకే తగిలింది. ఆన్‌లైన్‌లో గెలుపోటములని బట్టి స్థాయి మారే ర్యాంక్ మ్యాచ్‌లో ఒకణ్ని వరసగా రెండు ఆటలు ఓడించాను. కాసేపటికి మెసేజ్ వచ్చింది. కర్రీ వాసన గురించి ఒక బూతు, మీ గుళ్లో నెట్ కనెక్షన్ కూడా ఉందా అని ఒక ప్రశ్న. వాడికి నా ఊరు తెలియదు, పేరు తెలియదు. తెలిసింది ధాల్సిమ్ ఒక్కడే, దాంతోనే నన్ను గీసేశాడు. బ్లాక్ చేసి, రిపోర్ట్ కొట్టి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఈ ఆరో భాగంలో బాగుపడినవి లేకపోలేదు. జమైకావాడు డీజే 1993 నాటి పళ్లికిలింపు బొమ్మ కాదిప్పుడు. అందంగా, హుందాగా ఉన్నాడు, సంగీతం అతని ఒంట్లోనే ఉన్నట్టు కదులుతాడు. కింబర్లీ అనే నల్లజాతి అమ్మాయి నింజా విద్య నేర్చుకుంటుంది, ఆమె హుషారు నాకు చాలా నచ్చింది. ఊరూరా తిరుగుతూ కథలా ఆడే 'వరల్డ్ టూర్' భాగంలో ధాల్సిమ్‌ని గురువుగా కలవొచ్చు. ఆయన మాటల్లో శాంతం ఉంది, వెటకారం లేదు. కొడుకు పేరు దత్త, అది మన పేరే. ఆయన ఉండే చోటుకి మాత్రం 'ధాల్సిమర్ టెంపుల్' అని పెట్టారు. గుడికి దేవుడి పేరో ఊరి పేరో ఉంటుందని ఒక్క భారతీయుణ్ని అడిగినా చెప్పేవాడు కదా.

మన దేశం నుంచి వేరే రకం మనిషి పెద్ద ఆటల్లో లేరని కాదు. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్ అనే ఆటలో సిమెట్రా ఉంది. హైదరాబాద్ అమ్మాయి, కాంతితో కట్టడాలు కడుతుంది. ఆమెని చూసి నిజంగా పొంగిపోయాను. తర్వాత ఆమె నోట "యహీ పరమ్ వాస్తవికతా హై" అని విన్నాను. హైదరాబాద్‌లో హిందీ, ఉర్దూ ఉన్న మాట నిజమే, కానీ అలాంటి గ్రాంథిక హిందీ నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరి నోటా వినలేదు. ఒక్క తెలుగు మాట ఆమెతో అనిపించి ఉంటే ఎంత బాగుండేది!

ఆటగా స్ట్రీట్ ఫైటర్ 6ని ఎవరికైనా కొనమనే చెప్తాను. పిల్లలతో ఆడేవాళ్లయితే వరల్డ్ టూర్ కోసమే కొనొచ్చు. అందులో మన సొంత మనిషిని తయారుచేసుకోవచ్చు. ముఖం, ఒళ్లు, రంగు, జుట్టు ఎంత వివరంగా మార్చుకోవచ్చంటే మా అమ్మాయి మొదటి ఆదివారమంతా దానికే పెట్టింది. ధాల్సిమ్‌ని చూపించి "మనోడే" అంటే, "ఈయన మనోడెట్లా నాన్నా? మనింట్లో ఎవురూ ఇట్లా లేరే" అంది. తన చామనఛాయకి రంగు సరిపోయేదాకా జరిపి జరిపి చూసింది. పొడవాటి నల్ల జుట్టు పెట్టింది. ముక్కు వాళ్ల నాయనమ్మదిలా రావాలని నన్ను ఆల్బమ్ తీసుకురమ్మంది. ఆ పిల్ల ఊరూరా తిరిగి గురువుల దగ్గర విద్యలు నేర్చుకుంది. ధాల్సిమ్ దగ్గర కూడా నేర్చుకుంది, చెయ్యి సాచి కొడుతుంది.

ఆన్‌లైన్‌లో ఆటగాళ్లంతా కలిసే 'బ్యాటిల్ హబ్'లో ఇతరుల బొమ్మలతో దాన్ని పోటీకి దించవచ్చు. ర్యాంక్ మ్యాచ్‌లకి మాత్రం కంపెనీ ఇచ్చిన ఫైటర్లనే తీసుకోవాలి. ఆ సంగతి మా అమ్మాయికి నిన్న రాత్రే తెలిసింది. ఫైటర్ల వరసంతా కిందికీ పైకీ జరిపి, తన పిల్ల ఎక్కడా కనిపించక, కంట్రోలర్ నా చేతికిచ్చింది.

"నువ్వే ఆడు నాన్నా. నీ బైరాగితో."