రాజమండ్రి నుంచి డాలస్‌కు ఐదుసార్లు: ఏ దారి ఎంత కలిసొచ్చింది

మా అమ్మాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. మేముండేది రాజమండ్రిలో. 2012 నుంచి 2025 దాకా నేనూ మా ఆవిడా అక్కడికి ఐదుసార్లు వెళ్ళొచ్చాం. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంటికి తాళం వేసిన టైము నుంచి అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడిచిన టైము దాకా నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. సీటు ఎంత మెత్తగా ఉంది, సినిమాలు ఎన్ని పెట్టారు లాంటివి అందులో లేవు. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను దారి గురించే రాస్తాను.

మొదటిసారి వెళ్ళింది 2012 ఫిబ్రవరి చివర్లో, అమ్మాయి పురిటికి. ఎమిరేట్స్ వాళ్ళు దుబాయ్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది కూడా ఆ నెలలోనే. అంతకుముందు ఏడాది వెళ్ళొచ్చిన మా వియ్యంకుడు రెండు చోట్ల మారి వెళ్ళారట. "మీ పని నయం బావగారూ, ఒక్కచోట మారితే చాలు" అన్నారు.

ఆ ప్రయాణం నోటుబుక్కులో ఇలా ఉంది. రాత్రి ఏడున్నరకు ఇంట్లో బయల్దేరి గోదావరి ఎక్స్‌ప్రెస్. పొద్దున్నే సికింద్రాబాద్. పగలంతా కూకట్‌పల్లిలో మా బావమరిది ఇంట్లో. అర్ధరాత్రి శంషాబాద్. తెల్లవారుజామున నాలుగు దాటాక విమానం. దుబాయ్‌లో మూడు గంటలు కూర్చోవడం. అక్కడి నుంచి డాలస్ దాదాపు 13 వేల కిలోమీటర్లు, 16 గంటలు. తర్వాత ఇమ్మిగ్రేషన్, సామాను, కారు. మొత్తం 57 గంటలు. గాల్లో ఉన్నది అందులో 20 గంటలే. మిగతాదంతా రైలు, బావమరిది ఇల్లు, కుర్చీలు, వరుసలు.

వెళ్ళబోయే ముందు అందరూ ఆ 16 గంటల గురించే భయపెడతారు. నిజానికి అది సుఖమైన భాగం. మన చేతిలో ఏమీ ఉండదు, వేళకు ఎవరో తిండి తెచ్చి పెడతారు, నిద్రొస్తే పడుకుంటాం. ఇన్నేళ్ళలో నన్ను బాగా సతాయించింది మొదటి 400 కిలోమీటర్లు, అంటే రాజమండ్రి నుంచి శంషాబాద్ దాకా.

మా ఊరి విమానాశ్రయం మధురపూడి నుంచి హైదరాబాద్‌కు విమానాలు లేవా అంటే, ఉన్నాయి. సాయంత్రం ఏటీఆర్ అనే చిన్న విమానం ఎక్కితే గంట పైన కొద్ది నిమిషాల్లో శంషాబాద్‌లో దింపుతుంది. కాగితం మీద లెక్క వేస్తే 57 గంటలు 36 అవుతాయి. చిక్కు సామానుతో వచ్చింది. అమెరికా టికెట్టుకు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఆ చిన్న విమానం విడిగా కొంటే అందులో సగం కూడా ఒప్పుకోరు. పురిటికి వెళ్ళేవాళ్ళ పెట్టెలు ఆ బరువు దగ్గర ఆగుతాయా? ఆవకాయ, కారప్పొడులు, ఆత్రేయపురం పూతరేకులు, బిడ్డకు మెత్తటి పాత చీరలు. అదనపు బరువుకు కట్టే డబ్బుతో ఇద్దరం ఏసీ బోగీలో వెళ్ళి రావచ్చని తేలింది. అందుకే రైలు. అంతా ఒకే టికెట్ మీద, ఒకే పిఎన్ఆర్‌లో కుదిరితే పెద్ద విమానం బరువే చిన్న విమానానికీ మామూలుగా వర్తిస్తుందని తర్వాత తెలిసింది. కానీ మా ఊరి నుంచి అలా కుదరడం అన్నివేళలా జరిగే పని కాదు.

శంషాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే ఎందుకుంటాయని మా ఆవిడ ప్రతిసారీ విసుక్కుంటుంది. దానికి కారణం దుబాయ్‌లోనో దోహాలోనో ఉంది, మన దగ్గర లేదు. ఇండియా ఊళ్ళ నుంచి వచ్చిన విమానాలన్నీ తెల్లారేసరికి అక్కడ చేరాలి, అందులోవాళ్ళను సర్దుకుని పొద్దున అమెరికా, ఐరోపా విమానాలు లేవాలి. సంతకు బళ్ళు చేరినట్టు. లెక్కల మాస్టారిగా నాకు ఆ ఏర్పాటు నచ్చుతుంది. ఎమిరేట్స్ మన దేశంలో 9 ఊళ్ళకు వస్తుంది, అమెరికాలో 12 ఊళ్ళకు వెళ్తుంది. ప్రతి ఊరినీ ప్రతి ఊరికీ నేరుగా కలపాలంటే 108 దారులు కావాలి. మధ్యలో దుబాయ్‌ని పెడితే 21తో పని జరిగిపోతుంది. ఆ మిగిలిన 87 దారుల ఖర్చు తగ్గబట్టే మనలాంటివాళ్ళకు టికెట్ అందుబాటులోకి వచ్చింది. బదులుగా మనం కట్టేది రాత్రి రెండింటికి శంషాబాద్‌లో నిద్రకళ్ళతో నిలబడటం.

ఆ 9 ఊళ్ళలో ఆంధ్రప్రదేశ్‌ది ఒక్కటీ లేదు. విదేశీ సంస్థ తనకు ఇష్టమైన ఊళ్ళో దిగడానికి వీల్లేదు. ఏయే ఊళ్ళకు రావచ్చో, వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చో రెండు ప్రభుత్వాలు ముందే రాసుకుంటాయి. దుబాయ్‌తో మన ఒప్పందం వారానికి ఒక్కో వైపుకు దాదాపు 66 వేల సీట్లు, ఏళ్ళ తరబడి అక్కడే ఆగింది. వేసవి సెలవుల్లో టికెట్ ధర చూసి గుండె గుభేలుమంటే అందులో ఈ కాగితం వాటా కూడా ఉంది.

రెండోసారి 2015లో ఎతిహాద్ విమానంలో అబుదాబి మీదుగా వెళ్ళాం. ఐదింటిలో నాకు బాగా నచ్చిన దారి ఇదే. అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు అబుదాబిలోనే కూర్చుంటారు, 2014 జనవరి నుంచి. వేలిముద్రలు, ప్రశ్నలు, ముద్ర అన్నీ విమానం ఎక్కకముందే అయిపోతాయి. "ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు" అని అడిగితే మా ఆవిడ "మనవరాలు" అని ఒక్క మాట చెప్పింది, చాలింది. డాలస్‌లో దిగాక పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళలాగా నడుచుకుంటూ బయటికి వచ్చేశాం. అమ్మాయేమో ఇమ్మిగ్రేషన్ తలుపు ముందు పూలు పట్టుకుని నిలబడి ఉంది. సామాను తీసుకుని మేమే వెనకనుంచి వెళ్ళి పిలిచాం. మామూలు దారిలో 16 గంటలు కూర్చుని దిగాక వరుసలో నిలబడాలి, ఇక్కడ ఆ వరుస మధ్యలోనే తీరిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఆ అబుదాబి-డాలస్ విమానం 2018 మార్చిలో ఆగిపోయింది. డాలస్‌లో దిగినవాళ్ళను అక్కడి నుంచి ఇతర ఊళ్ళకు చేర్చేది అమెరికన్ ఎయిర్‌లైన్స్. దానికీ ఎతిహాద్‌కూ మధ్య టికెట్ల పొత్తు తెగింది, దాన్నే కారణంగా చెప్పారు. అంటే డాలస్ వెళ్ళే మాలాంటివాళ్ళతో మాత్రమే ఆ విమానం నిండదు. ఆస్టిన్‌కో కాన్సాస్‌కో వెళ్ళేవాళ్ళు కూడా అందులో కూర్చుంటేనే మా సీటు మాకుంటుంది. ఎవరో తెలియని ఆస్టిన్ ప్రయాణికుడి గురించి నేను దిగులుపడటం అదే మొదలు.

మూడోది 2018 డిసెంబర్. దోహా మీదుగా టికెట్, 18వ తేదీ తెల్లవారుజామున. ఈసారి సామాను తగ్గించి, ముచ్చటపడి 17 సాయంత్రం మధురపూడి నుంచి ఏటీఆర్ కొన్నాం, విడిగా. ఆ 17వ తేదీనే పెథాయ్ తుఫాను మా జిల్లాలో తీరం దాటింది. పొద్దున్నే మెసేజ్ వచ్చింది: విమానం రద్దు. అది ఎవరి తప్పూ కాదు, ఆ గాలిలో ఎవరు మాత్రం నడుపుతారు. రైళ్ళు నడిచేదీ లేనిదీ తెలియదు. రెండూ వేరు వేరు టికెట్లు, కాబట్టి మేము శంషాబాద్ చేరకపోతే దోహా విమానానికి ఆ సంగతితో సంబంధం లేదు. మేము రానివాళ్ళం, అంతే. అమ్మాయి అక్కడినుంచి ఫోన్ మీద ఫోన్. చివరికి పక్కింటి కుర్రాడు కారు తీశాడు. పది గంటలకు బయల్దేరితే కొవ్వూరు దాటి ఏలూరు చేరేదాకా వైపర్ ఆగలేదు. విజయవాడలో ఇడ్లీ తిన్నాం. సూర్యాపేట దాటాక రోడ్డు పొడిగా కనిపించింది, అప్పటికి గానీ మా ఆవిడ మాట్లాడలేదు. ఔటర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి రాత్రి తొమ్మిది. అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: పెద్ద విమానానికి ముందు ఒక రాత్రి హైదరాబాద్‌లో ఉండాల్సిందే.

ఆ దోహా ప్రయాణంలో ఒక వింత. అప్పట్లో పొరుగు దేశాలు ఖతార్ విమానాలను తమ ఆకాశంలోకి రానివ్వడం లేదు. 2017 జూన్‌లో మొదలై 2021 జనవరి దాకా సాగింది అది. ముందు సీటు వెనకాల ఉన్న మ్యాపులో మా విమానం ఇరాన్ వైపు వంగి దోహాలోకి దిగడం చూశాను. ఊళ్ళో గట్టు తగాదా ఉన్నవాడు చుట్టూ తిరిగి తన చేలోకి వెళ్ళినట్టు.

2020 వేసవికి కూడా టికెట్లు కొన్నాం. మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగాయి, మళ్ళీ మామూలుగా మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్ళ గురించి ఇక్కడ రాయడానికి ఏమీ లేదు, అందరి ఇళ్ళలో జరిగిందే మా ఇంట్లోనూ.

నాలుగోది 2023, నేను చేసిన తప్పు. మనిషికి 22 వేలు తగ్గుతుందని హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఐరోపాలో ఒక ఊరు, అక్కడినుంచి డాలస్ అనే టికెట్ కొన్నాను. సంస్థ పేరు, ఊరి పేరు వద్దు. ఐరోపాలో మారడానికి ఇచ్చిన టైము గంటా ఇరవై నిమిషాలు. అల్లుడు అప్పుడే అన్నాడు, "మావయ్యగారూ, ఇది మాకే టైట్" అని. ఢిల్లీలో విమానం రెండు గంటలు ఆలస్యంగా లేచింది. మేము దిగేసరికి డాలస్ విమానం వెళ్ళిపోయింది. వాళ్ళకు డాలస్‌కు రోజుకు ఒక్కటే విమానం. మళ్ళీ రేపే.

ఒకే టికెట్ కాబట్టి కొత్త సీటు డబ్బు లేకుండా ఇచ్చారు, హోటల్ కూడా ఇస్తామన్నారు. కానీ హోటల్ ఊళ్ళో ఉంది. మా పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి విమానాశ్రయం లోపల మారడానికి వేరే వీసా అక్కర్లేదు. గేటు దాటి బయటికి అడుగుపెట్టాలంటే మాత్రం షెంజెన్ వీసా, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ఉండాలి, మాకు లేదు. మా వరుసలో ఉన్న తెల్ల దంపతులు పెట్టెలు లాక్కుంటూ హోటల్‌కు వెళ్ళారు, మేమిద్దరం కుర్చీల మీద దుప్పట్లు కప్పుకున్నాం. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పులిహోర ఉండబట్టి సరిపోయింది. ఆ రాత్రి మిగిలిన 44 వేల గురించి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటుంది.

అందుకే టికెట్ కొనేవాళ్ళు నన్నడిగితే ధర కన్నా ముందు ఒకటి చూడమంటాను: మధ్యలో మారే ఊరి నుంచి మీ పిల్లల ఊరికి రోజుకు ఎన్ని విమానాలు, లేదా వారానికి ఎన్ని. నేరు విమానం మీద కూడా నాకు మోజు తగ్గింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా మొదలుపెట్టినప్పుడు మా కాలనీలో పండగే. అది వారానికి ఒక్కటి. ఆ ఒక్కటి తప్పితే మళ్ళీ వారానికే, పైగా అది ఎక్కువ కాలం నడవలేదు కూడా. గన్నవరం నుంచి 2018 డిసెంబర్‌లో సింగపూర్ విమానం వచ్చింది, మిగిలిపోయే సీట్లకు రాష్ట్ర ప్రభుత్వం డబ్బు సర్దుతానంటే. ఏడాది తిరక్కుండానే పోయింది. కొబ్బరికాయ కొట్టిన దారిలో ఏడాది దాకా నేను టికెట్ కొనను.

పిల్లలుండే ఊరిని బట్టి కూడా ఈ లెక్క మారిపోతుంది. 2024 డిసెంబర్‌లో మధురపూడి నుంచి ముంబైకి, ఢిల్లీకి నేరుగా ఇండిగో విమానాలు వచ్చాయి. మా వీధిలో కొడుకు న్యూజెర్సీలో ఉన్నాయన ఎగిరి గంతేశాడు. ఢిల్లీ నుంచి న్యూయార్క్ వైపు నేరుగా వెళ్ళొచ్చు, ఇక హైదరాబాద్ గొడవే లేదు. మాకు ఢిల్లీ వెళ్ళినా డాలస్‌కు ఇంకోసారి మారాలి. అల్లుడు ఉద్యోగం మారతాడేమోనని మా ఆవిడ ఆశ.

ఐదోసారి 2025 మే నెలలో వెళ్ళాం, మళ్ళీ దోహా మీదుగా. దోహాలో నాలుగు గంటలు. రెండు గంటలుంటే టెన్షన్, ఆరుంటే నడుము నొప్పి, నాలుగు మాకు సరిగ్గా సరిపోతుంది. వీల్‌చైర్ కూడా పెట్టుకున్నాం. నా మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి, కానీ ఆ కుర్చీ తోసే కుర్రాడు గేటు దాకా తీసుకెళ్తాడు, ఎవరినీ దారి అడగక్కర్లేదు. నిజంగా నడవలేనివాళ్ళకు అందులో వాటా తగ్గుతుందని తెలుసు. వచ్చేసారి ఆవిడకు ఒక్కదానికే పెడతాను.

జూన్ 23న ఖతార్ ఆకాశం మూసేశారని టీవీలో చూశాం, అమ్మాయి ఇంట్లో కూర్చుని. దోహా వెళ్ళాల్సిన విమానాలు దారి మళ్ళి ఎక్కడెక్కడో దిగుతున్నాయి. అందుకు రెండు నెలల ముందే పాకిస్తాన్ ఆకాశం మన విమానాలకు మూతపడింది, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో ఆగి వెళ్తున్నాయి. అన్ని దారులూ ఒకే ఊరి గుండా పోతే సుఖం ఎంతో, ఆ ఊరికి జ్వరం వస్తే కష్టం అంత. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి, ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబర్ నుంచి నేరుగా ఉన్నాయి. రెండు చోట్ల నుంచీ డాలస్‌కు విమానాలున్నాయి. గల్ఫ్ కాకుండా ఇంకో వైపు తలుపు తెరిచినట్టే. షెంజెన్ కుర్చీలు గుర్తొచ్చి నేనింకా ధైర్యం చేయలేదు.

మనవరాలు వచ్చే ఏడాది హైస్కూల్లో చేరుతుంది, అప్పటికి రమ్మంటోంది. కొనబోయేది గల్ఫ్ మీదుగా ఒక్క స్టాపు, ఒకే టికెట్, మధ్యలో నాలుగు గంటలు, ముందురోజు రైలు. కూకట్‌పల్లికి ఫోన్ చేసి తేదీలు కూడా చెప్పేశాను. "ఈసారి రెండు రోజులుండండి బావా, అర్ధరాత్రి పారిపోవడం కాదు" అన్నాడు బావమరిది.