నిదానంగా కరిగే లాన్ ఎరువు: నాలుగేళ్లు వాడాక నా మాట

పూత పూసిన యూరియా గుళికలను నాలుగేళ్లుగా మా లాన్‌కి వేస్తున్నాను. మాది గరిక జాతి గడ్డి, రోజంతా ఎండ తగిలే చోటు. నత్రజని శాతం, మోతాదు లాంటివి సంచి మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా బాధంతా సంచి మీద పెద్ద అక్షరాల్లో ఉండే ‘మూడు నెలలు పనిచేస్తుంది’ అన్న ఒక్క మాట గురించే.

మొదటి ఏడాది నాకు చాలా నచ్చింది. మామూలు యూరియా వేసినప్పుడు రెండు వారాలు పచ్చగా పొంగి, నెల తిరిగేసరికి మళ్లీ పాలిపోయేది. చేయి కాస్త ఎక్కువ పడ్డ చోట మాడిపోయేది కూడా. ఈ గుళికలతో ఆ ఇబ్బంది లేదు. తెలిసినవాళ్లందరికీ ‘వేసి మర్చిపోండి’ అని చెప్పాను.

రెండో ఏడాది చలి పూర్తిగా పోకముందే తొందరపడ్డాను. గడ్డి ఇంకా గోధుమ రంగులోనే ఉంది. చదరపు మీటరుకి 5 గ్రాముల నత్రజని పడేలా లెక్క చూసి వేశాను. నాలుగు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. సరుకు నకిలీదేమో అన్న అనుమానం వచ్చి మళ్లీ అంతే మోతాదు చల్లాను. పది రోజుల్లో ఎండలు ముదిరాయి, రెండు విడతలూ ఒక్కసారే కరగడం మొదలైంది. వారానికోసారి కోసే గడ్డిని మూడు రోజులకోసారి కోయాల్సి వచ్చింది. మధ్యలో వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి చీలమండలు దాటి పెరిగింది. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదని తెలుసు, అయినా టెన్షన్‌లో పాత ఎత్తుకే కోసేశాను. పైనున్న పచ్చదనమంతా పోయి, కింద ఆకు లేని పసుపు కాడలు మిగిలాయి. అది కోలుకోవడానికి నెల పైనే పట్టింది. ఆ నెలంతా లాన్ వైపు చూడబుద్ధి కాలేదు.

అసలు విషయం కలుపు తీస్తున్నప్పుడు తెలిసింది. దుబ్బుల మొదట్లో గుళికలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒకదాన్ని గోళ్ల మధ్య పెట్టి నొక్కితే చిట్లి నీళ్లు వచ్చాయి. ఎరువు వెళ్లిపోయి ఉత్త డొల్ల మిగిలిందన్నమాట. ఇంకోదాన్ని నొక్కితే లోపల గట్టి తెల్ల గింజ ఉంది. అది ఇంకా కరగనిది. తేమ పూతలోంచి లోపలికి పోయి యూరియాను కరిగిస్తుంది, కరిగింది మెల్లగా బయటికి ఊరుతుంది. మట్టి వేడెక్కే కొద్దీ ఆ ఊట జోరందుకుంటుంది. మూడు నెలలన్నది ఒక మోస్తరు వేడి దగ్గర వేసిన లెక్క. చల్లటి మట్టిలో గుళిక నిద్రపోతుంది, మండే ఎండల్లో మా లాన్‌లో రెండు నెలలు కూడా ఆగడం లేదు.

అప్పటినుంచి తేదీలు చూడటం మానేశాను. పొద్దున్నే 10 సెంటీమీటర్ల లోతులో మట్టి థర్మామీటర్ గుచ్చుతాను. వరసగా నాలుగైదు రోజులు 18 డిగ్రీలు దాటి, గడ్డి సగానికి పైగా పచ్చబడ్డాకే మొదటి విడత. రెండో విడతకు ముందు పది గుళికలు ఏరి నొక్కి చూస్తాను. చలి మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఆపేస్తాను. ఇంకో సంగతి, వేసిన వెంటనే దాని మీద నడవకండి, మోవర్ తిప్పకండి. పూత పగిలితే అది మామూలు యూరియాయే. మా నడక దారి పక్కన ముదురు పచ్చ మచ్చలు వచ్చింది అందుకే.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. మాది చిన్న లాన్, మోకాళ్ల మీద కూర్చుని గుళికలు ఏరే ఓపిక ఉంది కాబట్టి నాకు కుదిరింది. పెద్ద మైదానం ఉన్నవాళ్లకీ, నీడలో గడ్డి పెంచేవాళ్లకీ ఇదే మాట చెప్పలేను. ఫెస్క్యూ, రై లాంటి చలి ప్రాంతపు గడ్డి అయితే నా లెక్క అసలు పనికిరాదు. వాటికి ముఖ్యమైన విడత ఎండలు తగ్గాక వేయాలి, నడి వేసవిలో వేస్తే చేటే.

ఈ ఏడాది మొదటి విడత వేసి ఏడు వారాలైంది. నిన్న నొక్కిన పదింటిలో నాలుగింటికి ఇంకా గట్టి గింజ తగిలింది. రెండో సంచి విప్పలేదు.